థీసిస్‌ని యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా మార్చడం: ప్రపోజల్, తెలుగు ఉటంకింపులు, ఇండెక్స్, అనుమతులు

చేపాక్ చదువరి అడిగారు:

అందరికీ నమస్కారం. 19వ శతాబ్దం మొదటి సగంలో మద్రాసులో తెలుగు అచ్చు, కంపెనీ దొరలకి దక్షిణాది భాషలు నేర్పిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ తెలుగు పండితులు: ఇదీ థీసిస్ విషయం. రాసింది ఇంగ్లీషులో. పట్టా వచ్చింది, ప్రతి శోధ్‌గంగలోకి (థీసిస్‌లు అందరూ చూసేలా నెట్‌లో ఉంచే చోటు) ఎక్కింది. నోట్సుతో కలిపి 1,30,000 పదాలు. తెలుగు ఉటంకింపులు 140 దాకా ఉంటాయి, అందులో పద్యాలు పాతిక. పాత పుస్తకాల ముఖపత్రాలు, ఉత్తరాల బొమ్మలు 18.

దీన్ని ఏదైనా యూనివర్సిటీ ప్రెస్‌కి పంపాలి. ప్రపోజల్‌లో ఏం ఉండాలి? శోధ్‌గంగలో ఉన్నందుకు కాదంటారా? తెలుగు లిపి ఉంచనిస్తారా, రోమన్‌లోకి మార్చమంటారా? కొన్ని ఉటంకింపులు అను ఫాంట్లలో టైపు చేసి ఉన్నాయి, కొన్ని యూనికోడ్‌లో. ఇండెక్స్‌లో మన ఇంటిపేర్లని ఎలా పెట్టాలో కూడా అర్థం కావడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడో ప్రూఫు:

థీసిస్ రాసేది పరీక్షకుల కోసం. అన్నీ చదివాననీ పద్ధతి తెలుసనీ అందులో రుజువు చూపించాలి. డబ్బిచ్చి పుస్తకం కొన్నవాడికి ఆ రుజువుతో పనిలేదు. "థీసిస్ జతచేశాను, పరిశీలించగలరు" అని పంపితే ఎడిటరు జతచేసిన ఫైలు తెరవను కూడా తెరవరు. పంపాల్సింది ప్రపోజల్, 8 నుంచి 12 పేజీలు.

అందులో మొదటి పేజీ పుస్తకం వాదన. ఒకే వాదన ఉండాలండీ, అయిదు కాదు. తర్వాత ఒక్కో అధ్యాయానికి 200, 300 పదాల సారం. నోట్సూ గ్రంథసూచీ కలిపి పదాల లెక్క, బొమ్మల లెక్క, పూర్తి ప్రతి ఏ నెలకి అందుతుందో ఆ నెల పేరు. ఎవరు చదువుతారన్న చోట "సాధారణ పాఠకులు, విద్యార్థులు, పరిశోధకులు, విధాన నిర్ణేతలు" అని రాస్తే ఎవరూ చదవరని అర్థం. పుస్తక చరిత్ర, వలస పాలన, దక్షిణాది భాషల చరిత్ర చదివేవాళ్ళు అని కచ్చితంగా రాయండి. నమూనా అధ్యాయాలు రెండు పెట్టండి. ఒకటి పీఠిక అయినా, రెండోది మధ్యలోంచి తీసిన గట్టి అధ్యాయం కావాలి.

చాలామంది దెబ్బతినేది పోటీ పుస్తకాల భాగంలో. "ఈ విషయం మీద ఇంతవరకు ఎవరూ రాయలేదు" అన్న వాక్యం మీ విషయంలో అసలు చెల్లదు. థామస్ ట్రౌట్‌మన్ పుస్తకం యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ 2006లో వేసింది. సి. పి. బ్రౌన్ మీద పీటర్ ష్మిట్‌హెన్నర్‌ది 2001లో, లీసా మిచెల్‌ది ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ నుంచి 2009లో, పాత చరిత్ర ఆధారాలు సేకరించిన మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరుల మీద రమాసుందరి మంతెన గారిది 2012లో వచ్చాయి. మీ ప్రతి బహుశా వీళ్ళలో ఒకరి దగ్గరికే రివ్యూకి వెళ్తుంది. క్యాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణానికి, కాలేజీ స్థాపించిన ఎల్లిస్ 1816లో రాసిన నోట్‌లోనే ద్రావిడ భాషలది వేరే కుటుంబమన్న వాదన ఉందనీ, దానికోసం 1856 నాటి కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం దాకా ఆగనక్కర్లేదనీ ట్రౌట్‌మన్ చెప్పేశారు. మీరూ అదే చెప్తే కొత్తేముంది? కాలేజీ ప్రెస్‌లో అచ్చుపని ఎలా నడిచింది, పండితుల జీతాలెంత, ప్రూఫులు దిద్దిందెవరు, గ్రంథ హక్కులు కాలేజీ ఏ లెక్కన కొన్నది: ఇవి మీ దగ్గర ఉంటే ముందు వాటినే పెట్టండి.

1,30,000 పదాలు ఎక్కువ. కొత్త రచయిత తొలి పుస్తకానికి 80,000 నుంచి లక్ష దాకా అడుగుతారు, నోట్సు కలిపే. సాహిత్య సమీక్ష అధ్యాయం మొత్తం తీసేసి, తప్పనిసరైనది పీఠికలో నాలుగు పేజీలు చెయ్యండి. అధ్యాయం చివర సారాంశాలు తీసెయ్యండి. "ఈ అధ్యాయంలో పరిశీలించబోయేది", "పై అధ్యాయంలో చూసినట్టు" లాంటివి వెతికి వెతికి కొట్టెయ్యండి. పాతిక వేల పదాలు అక్కడికక్కడే రాలిపోతాయి. మిగతాది చెయ్యి వణికినా కొయ్యాల్సిందే.

శోధ్‌గంగ సంగతి దాచొద్దు, ప్రపోజల్‌లో ఒక వాక్యం రాసేయండి. థీసిస్ అందుబాటులో ఉందన్న ఒక్క కారణంతో కాదనే ప్రెస్‌లు తక్కువ. కాకపోతే పుస్తకం ఎంత మారిందో చెప్పాలి. ప్రతి అందాక కాపీ పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మీ థీసిసే ఎర్రగా కనిపిస్తుంది. ముందే చెప్పి ఉంటే ఎడిటరు నవ్వి ఊరుకుంటారు. చెప్పకపోతే అదో విచారణ అవుతుంది.

ప్రపోజల్‌ని ఒకేసారి రెండు మూడు ప్రెస్‌లకి పంపొచ్చు, ఆ మాట ప్రతి ఉత్తరంలోనూ చెప్పాలి. పూర్తి ప్రతి రివ్యూలో ఉన్నప్పుడు మాత్రం ఒక్కరి దగ్గరే. ప్రపోజల్‌కి జవాబు రావడానికి నెలా రెండు నెలలు, రివ్యూకి మూడు నాలుగు నెలలు. రివ్యూయర్లు సాధారణంగా ఇద్దరు. వాళ్ళకి మీరెవరో తెలుస్తుంది, మీకు వాళ్ళెవరో తెలియదు. నివేదికలు వచ్చాక మీరు రెండు మూడు పేజీల జవాబు రాయాలి: ఏది ఒప్పుకుంటున్నారు, ఎక్కడ ఎలా మారుస్తారు, ఏది ఒప్పుకోరు, ఎందుకు. అన్నిటికీ తలూపితే రచయితకి తన పుస్తకం మీదే పట్టు లేదనుకుంటారు. నివేదికలూ మీ జవాబూ కలిపి బోర్డుకి వెళ్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ బోర్డువాళ్ళని డెలిగేట్లు అంటారు, కేంబ్రిడ్జ్‌లో సిండిక్‌లు. ఎడిటరు ఎంత ఉత్సాహంగా మాట్లాడినా ఆ సంతకం పడేదాకా కాంట్రాక్టు లేనట్టే.

కాంట్రాక్టులో రాయల్టీ శాతం కోసం పోట్లాడకండి, వచ్చేది ఎలాగూ కొంచెమే. రెండు వాక్యాల కోసం పట్టుబట్టండి. తెలుగు అనువాద హక్కు మీ దగ్గరే ఉండాలి. భారతదేశంలో తక్కువ ధరకి ఇక్కడి ప్రతి వెయ్యాలి, లేదా ఇక్కడి ప్రచురణకర్తకి ఆ హక్కు ఇవ్వాలి. లేకపోతే మీ పుస్తకం 80 పౌండ్ల అట్టపుస్తకంగానే మిగిలి, మీరు రాసిన ఊళ్ళోనే కొనేవాళ్ళు ఉండరు.

అరసున్న:

ఫాంట్ల సంగతి నేను చెప్తాను.

అను ఫాంట్లలో ఉన్నవాటిని ఈ వారమే యూనికోడ్‌లోకి మార్చెయ్యండి, కాంట్రాక్టు దాకా ఆగొద్దు. అనులో కనిపించేది తెలుగే గానీ ఫైలు లోపల ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పద్యం స్థానంలో పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి, కానీ వాటి మీద భారం వెయ్యొద్దు. అరసున్న ఎగిరిపోతుంది, లేదా నిండు సున్న అవుతుంది. బండి ఱ మామూలు ర అవుతుంది. రెండు వత్తులున్న చోట ఒకటి పక్క అక్షరానికి అంటుకుంటుంది. 140 ఉటంకింపులనీ మూల పుస్తకం పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూడాలి. రోజుకి పాతిక చేస్తే వారంలోపు అయిపోతుంది. అరసున్నని చిన్నచూపు చూడొద్దు. వీఁడు అంటే ఈ మనిషి, వీడు అంటే పట్టణం. పద్యంలో అది పోతే అనువాదం తప్పినట్టు కనిపిస్తుంది.

మీ కాలపు అచ్చుల్లో ఇంకో చిక్కుంది, వలపలగిలక. ధర్మము అన్నది పాత అచ్చులో ధమ౯ము లాగా కనిపిస్తుంది. పొల్లు ర్ హల్లుకి ముందు రాకుండా తర్వాత గుర్తుగా పడుతుంది. ఆకారం అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుందని చాలామంది ఆ అంకెనే టైపు చేస్తారు. చూడ్డానికి సరిపోతుంది. వెతికితే దొరకదు, ఈ-బుక్‌లో చదివించే యంత్రం "ధమ తొమ్మిది ము" అంటుంది. మీ పుస్తకం అచ్చు గురించే కాబట్టి ఒకటి రెండు చోట్ల అసలు పుట ఫోటోగా చూపించండి. మిగతా అంతటా ర్మ అని మామూలుగా రాసి, ముందుమాట తర్వాత వచ్చే లిప్యంతరీకరణ గమనికలో "వలపలగిలకని ఇప్పటి పద్ధతిలోకి మార్చాం, అరసున్న, ఱ ఉన్నవి ఉన్నట్టే ఉంచాం" అని ఒక వాక్యం పెట్టండి. బ్రౌన్ ప్రత్యేకంగా గుర్తుపెట్టిన దంత్య చ, జలకి యూనికోడ్‌లో ౘ, ౙ ఉన్నాయి. 2008లో చేర్చారు. అన్ని ఫాంట్లలోనూ ఉండవు, ముందే పరీక్షించండి.

ఫాంటు ఎంచేటప్పుడు లైసెన్సు చూడండి. నోటో సెరిఫ్ తెలుగు, రామభద్ర, సురన్న, మండలి లాంటివి స్వేచ్ఛా లైసెన్సువి, ఈ-బుక్‌లో పొదిగినా తగువు ఉండదు. పుస్తకం లోపలి పాఠానికి రామభద్ర మరీ లావు, శీర్షికలకి సరిపోతుంది. ఉటంకింపులకి నోటో సెరిఫ్ తెలుగు నిలకడగా ఉంటుంది.

లండన్ ప్రెస్ పుస్తకమైనా, అమెరికా ప్రెస్ పుస్తకమైనా పేజీలు కట్టేది చాలాసార్లు మన చెన్నైలోనో పుదుచ్చేరిలోనో. ఊరు ఒకటే కదా అని సంబరపడకండి. కూర్చున్నవాళ్ళకి తమిళం వస్తుంది, తెలుగు వత్తు తప్పిందో లేదో తెలియదు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్ రెడీకి మార్చకపోతే వత్తులన్నీ విడిపోయి క్ కింద ష కాకుండా పక్కపక్కన పడతాయి. ప్రతితో పాటు ఒక పేజీ కాగితం పంపండి: ఏ ఫాంటు, ఏ కంపోజర్, తెలుగు ఎంత సైజు. ఇంగ్లీషు 10.5 పాయింట్లు ఉంటే తెలుగు 9.5 సరిపోతుంది, మన అక్షరం గుండ్రంగా పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి. లీడింగ్ (వరసల మధ్య ఎడం) ఆటోలో వదిలేస్తే తెలుగు మాట ఉన్న వరస ఒక్కటే ఎడంగా జరిగి పేజీ కుంటుతుంది. పద్యాలకి విడిగా 15 పాయింట్ల లీడింగ్ కట్టించండి, పై వరస వత్తు కింది వరస గుడిని తాకకుండా ఉంటుంది. ఇంకొకటి, ప్రతి ఉటంకింపునీ వరసగా అంకెలేసి పి.డి.ఎఫ్. ఒకటి తీసి పంపండి. పోల్చుకోవడానికి వాళ్ళకి ఉన్న ఆధారం అదొక్కటే.

రోమన్‌లోకి మార్చాలా అంటే, ప్రెస్ ఏదైనా కావచ్చు గానీ తెలుగు లిపి ఉంచమని గట్టిగా అడగండి. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో మొదలైంది. తొలి విడతలోనే పెద్దన మనుచరిత్ర ఉంది, ఎడమ పుట తెలుగు లిపి, కుడి పుట ఇంగ్లీషు. చేతకాని పని కాదన్నమాట.

మూడో ప్రూఫు:

అరసున్న గారూ, ఆ మాటతో పూర్తిగా ఏకీభవించలేను. మూర్తి లైబ్రరీ మూలగ్రంథాలు వేసే వరస, తెలుగు లిపే దాని ప్రాణం. దానికోసం ఫాంటు ప్రత్యేకంగా గీయించుకున్నారు. చేపాక్ చదువరి గారిది చరిత్ర పుస్తకం. వాక్యం మధ్యలో ప్రతి పారిభాషిక పదమూ తెలుగు లిపిలో ఉంటే తమిళ, కన్నడ రంగాల పాఠకుడు కూడా చదవలేడు, అతనే వారికి ఎక్కువ కావాల్సినవాడు. వాక్యం లోపల రోమన్, విడిగా నిలబెట్టిన పద్యాలకీ వచన భాగాలకీ తెలుగు లిపి, కింద అనువాదం. ఇలా అడిగితే చాలా ప్రెస్‌లు ఒప్పుకుంటాయి. 140లో విడిగా నిలబెట్టాల్సినవి నలభై దాటవు.

రోమన్‌కి ఐ.ఎస్.ఓ. 15919 (మన లిపులని రోమన్‌లో రాయడానికి అంతర్జాతీయ ప్రమాణం) తీసుకోండి. సంస్కృతం వాళ్ళ పద్ధతిలో హ్రస్వ ఎ, ఒ లేవు, అక్కడ ఏ, ఓ మీద గీత పెట్టరు. తెలుగుకి అది కుదరదు: ఎడమలో ఎకీ ఏడులో ఏకీ తేడా ఉండదు, కొడి, కోడి ఒకటైపోతాయి. ఐ.ఎస్.ఓ.లో దీర్ఘాలకి అడ్డగీత ఉంటుంది. ఱకి కింద గీతతో ఆర్, మద్రాసు విశ్వవిద్యాలయం తమిళ లెక్సికన్‌లో వాడిందీ అదే, కాబట్టి తమిళ పాఠకుడికి కొత్త కాదు. ఋకి మాత్రం సంస్కృతం వాళ్ళు ఆర్ కింద చుక్క పెడితే ఇక్కడ చిన్న సున్న పెడతారు. రెండూ కలిపేసిన ప్రతులు కోకొల్లలు. ఒకటే పట్టుకోండి. గ్రంథాల పేర్లకీ పారిభాషిక పదాలకీ గుర్తులు పెట్టి, మనుషుల పేర్లకీ ఊళ్ళ పేర్లకీ వదిలెయ్యడం మేలు.

అరసున్న:

నలభై ఉంచితే చాలు, ఒప్పుకున్నాను. పద్యాన్ని రోమన్‌లో చూస్తే యతి ఎక్కడుందో కంటికి ఆనదు, అదే నా బాధ.

చేపాక్ చదువరి:

చాలా ఉపయోగం, ఇద్దరికీ ధన్యవాదాలు. నలభై అన్న లెక్క దాదాపు సరిగ్గానే ఉంది, చూస్తే 43 తేలాయి. ఇక ఇండెక్స్, బొమ్మల అనుమతులు. వీటి గురించి కూడా ఎవరైనా చెప్తారా? బొమ్మల్లో 11 పాత పుస్తకాలవి, 4 తమిళనాడు ఆర్కైవ్స్ కాగితాలు, 3 బ్రిటిష్ లైబ్రరీవి. ఒక ఆధునిక కవి వచన కవిత పూర్తిగా అధ్యాయం మొదట్లో పెట్టాలని కూడా ఉంది.

పుట కింద:

ఇండెక్స్ పేజీ ప్రూఫులు వచ్చాక చేసే పని, ఇచ్చే గడువు రెండు మూడు వారాలు. పేర్ల నిర్ణయాలు మాత్రం ఇప్పుడే చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే పుస్తకం లోపల ఏ రూపం ఉంటే ఇండెక్స్‌లోనూ అదే ఉండాలి.

తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. కాబట్టి తిప్పాల్సిన పని లేదు, కామా పెట్టాల్సిన పని అంతకన్నా లేదు. గిడుగు వెంకట రామమూర్తి "గ"లో, అలాగే. ఇంగ్లీషు కాపీ ఎడిటరు అలవాటు కొద్దీ చివరి మాట ముందుకి తెచ్చి "రామమూర్తి, గిడుగు వెంకట" అంటారు, అది తప్పు. అంతకన్నా పెద్ద ప్రమాదం శాస్త్రి, రావు, రెడ్డి, నాయుడులని ఇంటిపేర్లనుకోవడం. మీ పుస్తకంలో పండితులే ఎక్కువ. రావిపాటి గురుమూర్తి శాస్త్రి, వేదం పట్టాభిరామ శాస్త్రి వగైరాలంతా "శాస్త్రి" కింద వరస కడితే అది పదసూచిక కాదు, సంతర్పణ పంక్తి. రావిపాటి "ర"లో, వేదం "వ"లో.

మినహాయింపులు ఉన్నాయి. ఇంగ్లీషు లోకానికి సి. ఆర్. రెడ్డిగా తెలిసిన కట్టమంచి రామలింగారెడ్డిని పాఠకుడు రెడ్డి దగ్గరే వెతుకుతాడు. అసలు పద్దు (పేరూ పుటల అంకెలూ ఉండే వరస) అక్కడ పెట్టి, కట్టమంచి దగ్గర "రెడ్డి చూడండి" అని ఒక వరస. పరవస్తు చిన్నయసూరికి పద్దు పరవస్తు దగ్గర పెట్టినా, చిన్నయ అని వెతికేవాళ్ళే ఎక్కువ, అక్కడ కూడా దారి చూపాలి. తమిళ పేర్లు మీ పుస్తకంలో ఎలాగూ వస్తాయి. అక్కడ ముందుండే అక్షరం తండ్రి పేరు, కాబట్టి మనిషి సొంత పేరు కింద పెట్టాలి. ఒకే ఇండెక్స్‌లో రెండు పద్ధతులు నడుస్తున్నాయని మొదట్లో రెండు వరసల గమనిక రాయండి, లేకపోతే రివ్యూ రాసేవాళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు.

దొరల కాగితాల్లో స్పెల్లింగు గోల తెలిసిందే. కావలి సోదరుల ఇంటిపేరు "కవెల్లీ" అనిపించేలా ఉంటుంది, బొర్రయ్య "బోరియా" అవుతాడు. ఏనుగుల వీరాస్వామయ్య పేరు ఒక్కో కాగితంలో ఒక్కో రకం. తెలుగుకి తెలూగూ, జెంటూ, తెలింగ అని మూడు పేర్లు. ఒక పట్టిక తయారుచేసుకోండి: ఎడమన కాగితాల్లో కనిపించే రూపాలు, కుడిన మీరు ఖాయం చేసిన రూపం. ఉటంకింపు లోపల పాత రూపం ముట్టుకోవద్దు, మీ వాక్యంలో ఖాయం చేసిన రూపమే. మచిలీపట్నం, మసులిపటం లాంటి ఊళ్ళకీ ఇదే పట్టిక. మద్రాసుని 1996కి ముందు కాలానికి మద్రాసు అనే ఉంచండి.

250 పేజీల పుస్తకానికి రెండు వరసల్లో 8 నుంచి 10 పేజీల ఇండెక్స్ చాలు. ఒక పద్దు కింద ఆరేడు పుటల అంకెలకి మించితే ఉపపద్దులుగా విడగొట్టండి. "తెలుగు భాష" అనే పద్దే వద్దు, పుస్తకమంతా అదే కదా. యంత్రంతో పదాలు వెతికించి తయారుచేస్తే "ప్రెస్" కింద 90 అంకెలు వస్తాయి, పనికిరాదు. ప్రూఫుల దశలో మీరు ఒక వాక్యం కలిపినా వరసలు జరిగి పుటలు మారతాయి, ఇండెక్స్ మొత్తం దెబ్బతింటుంది. ఒక మాట తీస్తే దాదాపు అంతే నిడివి మాట పెట్టండి. దిద్దుబాట్లు ఒక హద్దు దాటితే ఖర్చు రచయిత రాయల్టీలోంచి కోసుకుంటామని కాంట్రాక్టులో ఉంటుంది. చాలా చోట్ల ఆ హద్దు కంపోజింగ్ ఖర్చులో పదో వంతు.

దస్త్రం:

అనుమతుల గురించి. మొదట ఒక పట్టిక చెయ్యండి: బొమ్మ సంఖ్య, మూలం ఎక్కడుంది, పిలుపు సంఖ్య (గ్రంథాలయం కాల్ నంబరు), చేసినవారు ఎప్పుడు పోయారు, ఎవరిని అడగాలి, అడిగిన తేదీ, వచ్చిన జవాబు, రాయమన్న కృతజ్ఞతా వాక్యం. ప్రెస్ ఎలాగూ అడుగుతుంది. అనుమతులన్నీ చేరేదాకా ప్రతిని ప్రొడక్షన్‌లోకి పంపరు.

19వ శతాబ్దపు పుస్తకాల పుటలకి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. మన చట్టం 1957 నాటిది, రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు. హక్కు తీరినా గ్రంథాలయం తన ఫోటో ప్రతికి షరతు పెట్టొచ్చు. అది కాపీరైటు కాదు, లోపలికి వచ్చినప్పుడు మీరు సంతకం చేసిన నిబంధన. "చదువుకోవడానికి మాత్రమే" అని ఇచ్చిన ఫోటోలు అచ్చుకి పనికిరావు, అచ్చుకోసమని మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. సెల్‌ఫోన్ ఫోటోలు వద్దు. అచ్చయ్యే సైజులో 300 డి.పి.ఐ. (అంగుళానికి చుక్కల లెక్క) టిఫ్ ఫైలు కావాలి, గీతబొమ్మలకి 600 పైన. తక్కువ ఉన్నదాన్ని ఫోటోషాప్‌లో పెంచితే అంకె పెరుగుతుంది గానీ అక్షరం అలికినట్టే ఉంటుంది.

ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ కాగితాలకి పరిశోధన అనుమతి వేరు, బొమ్మ ప్రచురించే అనుమతి వేరు. రెండోదానికి ఉత్తరంలో సంపుటం, తేదీ, పుట, పుస్తకం పేరు, ప్రచురణకర్త అన్నీ రాసి పెట్టండి. కాలేజీ బోర్డు వ్యవహారాలు పబ్లిక్ కన్సల్టేషన్స్‌లో (మద్రాసు ప్రభుత్వ పబ్లిక్ శాఖ రికార్డుల్లో) ఉంటాయి కదా, వాటి నకళ్ళు అప్పట్లో లండన్‌కి వెళ్ళాయి. అదే కాగితానికి రెండు చోట్లా రెండు సంఖ్యలు. ఫుట్‌నోట్‌లో శాఖ, సంపుటం, తేదీ, పేరా ముందు రాసి, రెండు సంఖ్యలూ తెలిస్తే రెండూ ఇవ్వండి. తేదీ ఉంటే ఎవరైనా ఎక్కడైనా దొరకబుచ్చుకుంటారు, పుట సంఖ్య ఒక్కటే ఉంటే దొరకదు.

బ్రిటిష్ లైబ్రరీ మూడింటిలో అచ్చు కాని ఉత్తరాలు ఉన్నాయా? ఉంటే జాగ్రత్త. ఇంగ్లండు చట్టంలో ఓ వింత ఉంది: 1989 ఆగస్టు నాటికి ప్రచురణ కాకుండా ఉన్న పాత రాతలకి, రాసినవాడు 1800ల్లో పోయినా సరే, 2039 చివరిదాకా కాపీరైటు నిలుస్తుంది. రెండొందల ఏళ్ళ ఉత్తరం కదా అని వదిలేస్తే ప్రెస్ న్యాయవాది పట్టుకుంటారు. లైబ్రరీ వాళ్ళనే అడిగితే ఏ వాక్యం రాయాలో చెప్తారు.

ఆధునిక కవిత సంగతి. కవి ఎవరో చెప్పలేదు. శ్రీశ్రీ అనుకుందాం: ఆయన 1983లో పోయారు, లెక్క 1984 నుంచి, హక్కు 2043 చివరిదాకా. విమర్శలో భాగంగా నాలుగు పాదాలు ఎత్తి చూపించి చర్చిస్తే న్యాయమైన వాడుక కిందికి వస్తుంది. కవిత మొత్తం అధ్యాయం తలకాయ మీద అలంకారంగా పెడితే రాదు, కింద దాని గురించి మీరేమీ మాట్లాడటం లేదు కదా. మీరే చేసిన ఇంగ్లీషు అనువాదమైనా అంతే, అనువదించే హక్కు కూడా హక్కుదారుదే. వారసులు నలుగురుంటే నలుగురి సంతకమూ కావాలి. ఉత్తరంలో ఏ భాష, ఏ దేశాలు, ఈ-బుక్ కలుపుకుని అని స్పష్టంగా రాయండి. "అచ్చు పుస్తకంలో వాడుకోవచ్చు" అని మాత్రమే రాసిచ్చిన అనుమతి ఈ-బుక్‌కి చాలదు. నా సలహా ఆ కవిత తీసెయ్యమనే.

చేపాక్ చదువరి:

తీసేస్తున్నాను, నిజానికి అలంకారమే అది. బ్రిటిష్ లైబ్రరీవాటిలో ఉత్తరం ఒకటి ఉంది, ఈరోజే రాస్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది: యూనివర్సిటీ ప్రెస్ అని పేరు పెట్టుకుని 45 రోజుల్లో వేస్తాం, ఇంత కట్టండి అని ఈమెయిళ్ళు వస్తున్నాయి. అవి?

మూడో ప్రూఫు:

చెత్తబుట్టలోకి. శోధ్‌గంగలో పేర్లు ఏరుకుని పంపుతారు. రివ్యూ నివేదికలు ఎన్ని వస్తాయి, బోర్డు ఎవరు అని అడగండి, జవాబు రాదు. అసలైన ప్రెస్ డబ్బు అడిగేది ఒకే సందర్భంలో, పుస్తకం అందరికీ ఉచితంగా నెట్‌లో పెట్టాలని మీరే కోరుకుంటే. అప్పుడది వేల పౌండ్లు, సాధారణంగా పరిశోధన సంస్థలు కడతాయి. అది కూడా రివ్యూ, బోర్డు అయ్యాకే మాట్లాడతారు.

పుట కింద:

పుస్తకం మన దేశంలోనే ప్రచురణ అయితే ఇంకొకటి. 1954 చట్టం ప్రకారం ప్రచురణ అయిన 30 రోజుల్లోపు ప్రచురణకర్త తన ఖర్చుతో కొన్ని గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి పంపాలి, అందులో మన ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం ఒకటి. చాలామంది మర్చిపోతారు. ఎడిటరుకి గుర్తుచేస్తూ ఒక ఈమెయిలు పెట్టండి, 43 పద్యాలూ వచనాలూ తెలుగు లిపిలో చూడాలనుకునేవాళ్ళు 80 పౌండ్లు పెట్టకుండా అక్కడ కూర్చుని చదువుకుంటారు.